నాకేం లోటు లేదు

ఒకానొక రాజ్యంలో, అది ఏ దిక్కున ఉండేదో నన్నడిగితే చెప్పలేను గాని, ప్రచండసేనుడనే రాజు ఉండేవాడు. కుంభగిరి ఆయన రాజధాని. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే తనంత తెలివైనవాడు భూమ్మీద ఇంకొకడు లేడని గట్టి నమ్మకం. అలాంటి నమ్మకం ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళ మాట సరిగా వినపడదు. ఆయనకీ వినపడేది కాదు.

ఆయన గొప్పగా చెప్పుకునే విద్య ఒకటుంది. ఎంత పెద్ద అర్జీ అయినా రెప్పపాటులో తేల్చేస్తాననేవాడు. లేఖకుడు తాటాకు మీద మొదటి వాక్యమూ, చివరి వాక్యమూ చదవాలి. నడుమ ఏముందో రాజుగారు ఊహించేసుకుంటారు. చదవడం ముగిసేలోపల ముద్ర పడిపోతుంది. "నడుమ ఉండేదంతా ఊక" అనేవాడాయన మీసం దువ్వుకుంటూ.

రాజుగారికి ప్రాణమైనది ఇంకొకటి తాంబూలం. రోజుకి పదిసార్లు నోరు పండాల్సిందే. ఆ ఆకు ఊరవతల చెంగమ్మ తోట నుంచే రావాలి. అవిశ చెట్ల మీదికి తీగలు పాకించిన ఆకుతోట అది. మిట్టమధ్యాహ్నం కూడా లోపల పచ్చటి మసక చీకటి. చెంగమ్మకి డెబ్భై అయిదు దాటాయి. మొగుడూ పిల్లలూ లేరు. చూపు సరిగా ఆనదు, ఇవాళ ఏ వారమో గుర్తుండదు. కాని వేలు తగిలిస్తే చాలు, ఏ ఆకు కోతకొచ్చిందో, ఏది ఇంకో రెండు రోజులాగాలో చెప్పేది.

ఒకనాడు ఆ చెంగమ్మని భద్రయ్య అనే పెద్దమనిషి చెయ్యి పట్టుకుని కొలువుకి తీసుకొచ్చాడు. మల్లెపువ్వు లాంటి పంచె, నుదుటి నిండా విభూతి, తేనె లాంటి మాట. దిక్కూమొక్కూ లేని ముసలివాళ్ళని చేరదీసి సాకుతాడని ఊరంతా పేరు. పోయినేడు రాజుగారే శాలువా కప్పి 'వృద్ధబాంధవ' అని బిరుదిచ్చారు.

కుంభగిరిలో భూమి చేతులు మారాలంటే రాతకోతలు చాలవు. ఇచ్చేవాళ్ళు రాజు ఎదుట నిలబడి, పుచ్చుకునేవాళ్ళ అరచేతిలో నీళ్ళు ధార పోయాలి. ఇష్టంగానే ఇస్తున్నామని నోటితో చెప్పాలి. అక్కడ నీళ్ళు పడ్డాయంటే ఇక దేవుడు దిగివచ్చినా తిరుగులేదు.

"ప్రభూ, మా చెంగమ్మ పిన్ని తన ఆకుతోట నాకు ధార పోస్తానంటోంది. నేను వద్దన్నా వినలేదు" అన్నాడు భద్రయ్య. "పాపం, ఈమధ్య మతి నిలకడగా ఉండడం లేదు. అన్నీ నేనే చూసుకుంటున్నాను."

"ఏమమ్మా, ఇష్టమేనా?" అన్నాడు రాజు.

చెంగమ్మ రాజు వైపు చూడలేదు. భద్రయ్య గొంతు వినిపించిన వైపు తల తిప్పింది. తరవాత, ఎత్తూ పల్లమూ లేని గొంతుతో చెప్పింది.

"నాకేం లోటు లేదు. భద్రయ్య బాబే నాకు దిక్కు."

రాజు చెంబు తెమ్మని సైగ చేశాడు. అంతలో కొలువులోంచి ఓబళయ్య లేచాడు. కుంభగిరి కొలువులో చమత్కారి ఈయనే. చెవుల దాకా మెలితిరిగిన మీసం, ఆ మీసం కన్నా మెలికలు తిరిగిన బుర్ర.

"ప్రభూ, ఒక్క ప్రశ్న అడగనివ్వండి. అవ్వా, పొద్దున ఏం తిన్నావు?"

"గంజి తాగింది" అన్నాడు భద్రయ్య.

"నిన్నడగలేదయ్యా. అవ్వా, ఏం తిన్నావు?"

చెంగమ్మ మళ్ళీ అటే తల తిప్పింది. "నాకేం లోటు లేదు. భద్రయ్య బాబే నాకు దిక్కు."

కొలువులో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుగారూ నవ్వారు. ఓబళయ్య మాత్రం నవ్వలేదు.

"ప్రభూ, మొన్న నేను భద్రయ్యగారింటికి వెళ్ళాను. వెనక పంచలో అయిదుగురు ముసలివాళ్ళు గోడకి ఆనుకుని వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరినీ పలకరించాను. అయిదుగురూ ఇదే మాట చెప్పారు. ఇదే గొంతు. 'లోటు లేదు' అన్నాక ఇంతే సేపు ఆగారు. అయిదుగురూ ఒకప్పుడు ఈ నేల మీద నిలబడి ఆయన చేతిలో నీళ్ళు పోసినవాళ్ళే. వాళ్ళ పక్కన ఆరో చాప పరిచి ఉంది. దాని మీద ఇంకా ఎవరూ లేరు."

 రాజుగారికి కూడా వీపు మీద ఏదో చల్లగా పాకింది. అది ఆయనకి నచ్చలేదు. నచ్చనిది మీద పడ్డప్పుడల్లా ఆయన గొంతు పెంచేవాడు.

"ఆరుగురూ ఒకే మాట చెప్పారంటే అది నిజమన్నమాటే! ఏమోయ్ ఓబళయ్యా, ఈమె చేతికి తాడుందా? మెడ మీద కత్తి ఉందా?"

"తాడూ కత్తీ అక్కర్లేదు ప్రభూ."

"ఏం మాటలయ్యా అవి! బుద్ధున్న మనిషి చేత ఇష్టం లేని పని ఎవడు చేయించగలడు? అంత గొప్పవాడివైతే నా చేత చేయించు. నా రాజముద్ర నీ చేతిలో ధార పోయించుకో చూద్దాం!"

"ఎన్నాళ్ళ గడువు ప్రభూ?"

"ఇవాళ పాడ్యమి. దశమి దాకా. ఓడావో, ఆ మీసం గొరిగించుకుని కొలువు వదిలి పో. తోట భద్రయ్యది. గెలిస్తే నువ్వు చెప్పినట్టు వింటాను."

"అందాకా ధార ఆగాలి. అవ్వ తన తోటలోనే ఉండాలి. తోడుగా రాణిగారి దాసీలిద్దరు ఉంటే చాలు."

"సరే పో!"

ఓబళయ్య అక్కడే కూర్చుని గంటం తీసుకుని పందెం షరతులు రాశాడు. మూరెడు తాటాకు నిండింది. లేఖకుడు మొదటి వాక్యం చదివాడు: "ప్రచండసేన మహారాజులుంగారి ఆజ్ఞ." చివరి వాక్యం చదివాడు: "దీనికి నేను ఇష్టంగానే ముద్ర వేస్తున్నాను." ముద్ర పడింది. రాజుగారు గర్వంగా మంత్రి వైపు చూశారు.

మొదటి మూడు రోజులూ ఏమీ జరగలేదు. రాజు ఎదురైనప్పుడల్లా "ఏమోయ్, మంగలికి కబురు పంపమన్నావా?" అనేవాడు. ఓబళయ్య ఆవులించి ఊరుకునేవాడు.

నాలుగో రోజు పొద్దున్నే రాజు మంచం దిగి కాలు కింద పెట్టాడు. రాయి చల్లగా తగిలింది. పావుకోళ్ళు కుడివైపు లేవు. ఎడమవైపున ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా కొలుస్తున్న వీరన్నని పిలిచి అడిగితే, "రాత్రి తమరే అటు పెట్టమన్నారు ప్రభూ" అన్నాడు.

"ఓహో! ఓబళయ్య మొదలుపెట్టాడన్నమాట" అని రాజు పకపకా నవ్వాడు. చెప్పుల్ని అటూ ఇటూ జరిపి రాజముద్ర కాజేద్దామనుకున్నాడా వెర్రివాడు!

అయిదో రోజు పావుకోళ్ళు కుడివైపునే ఉన్నాయి.

"ఏం వీరన్నా, ఇవాళ మార్చావే?"

"ఎప్పుడూ ఇక్కడే కదా ప్రభూ పెట్టేది?"

"నిన్న ఎడమవైపు పెట్టావు కదూ! నేనే పెట్టమన్నానన్నావు."

వీరన్న అయోమయంగా చూశాడు. "లేదు ప్రభూ. తమరలా ఎప్పుడూ అనలేదు. నేనలా పెట్టనూ లేదు."

రాజు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. వీరన్న ముఖంలో కపటం లేదు. జాలి ఉంది. ఆ జాలి చూస్తే ఆయనకి ఎందుకో భయమేసింది.

ఆ మధ్యాహ్నం తల బరువుగా ఉందని కాస్త నడుము వాల్చాడు. లేచి భోజనానికి వెళితే పీట ముందు ఎంగిలి విస్తరి ఉంది. సగం తిన్న గారె, పెరుగన్నం మెతుకులు.

"ఎవరిదిరా ఈ విస్తరి?"

"తమరిదే ప్రభూ. ఇందాకే ఆరగించి వెళ్ళారు. చెయ్యి కడుక్కుని గంధం రాయించుకున్నారు కదా" అన్నాడు వంటవాడు.

రాజు అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గంధం వాసన వేసింది. కడుపులో ఆకలి ఉంది. చేతికి గంధం ఉంది. ఈ రెంటిలో దేన్ని నమ్మాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాడు. చివరికి చేతినే నమ్మి వెనక్కి వెళ్ళిపోయాడు.

మరునాడు పరుగున రాణి దగ్గరికి వెళ్ళాడు. "దేవీ, ఇదంతా ఓబళయ్య పందెం కోసం ఆడిస్తున్న ఆట కదూ? నిజం చెప్పు."

"ఏ పందెం?" అంది రాణి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ మాత్రం రాజుకి తెలుసు. "పొద్దుట కూడా ఇదే అడిగారు. నిన్న రెండుసార్లు అడిగారు."

రాజవైద్యుడు వచ్చాడు. రాజు చెయ్యి పట్టుకుని నాడి చూశాడు గాని మొహం చూడలేదు. "రాత్రి నిద్రపోయారా?" అని రాణిని అడిగాడు. "అన్నం తింటున్నారా?" అని వంటవాణ్ణి అడిగాడు. "చిరాకు పడుతున్నారా?" అని వీరన్నని అడిగాడు.

"నేనిక్కడే ఉన్నానయ్యా! నన్నడుగు!" అని అరిచాడు రాజు.

వైద్యుడు మెత్తగా నవ్వి, పసిపిల్లాడికి ఊ కొట్టినట్టు తలాడించాడు. రాణి వైపు తిరిగి, "చూశారా, చిరాకు ఉంది" అన్నాడు. కషాయం రాసిచ్చి, వెలుతురు పడకూడదనీ మనుషుల్ని రానివ్వకూడదనీ చెప్పి వెళ్ళాడు. అరిస్తే చిరాకు. ఊరుకుంటే నీరసం. రాజుగారికి ఆ గదిలో ఏం చేసినా జబ్బు కిందే జమ.

కిటికీలకి వట్టివేళ్ళ తడికలు దిగాయి. పగలో సాయంకాలమో తెలిసేది కాదు. గుమ్మం బయట ఎవరో మాట్లాడుకుంటున్నట్టుండేది. ఆయన దగ్గరికి వెళ్ళగానే మాటలు ఆగిపోయేవి. తలుపు తీస్తే నడవ ఖాళీగా ఉండేది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్కరూ లేరు, అప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు ఒక తెర మాత్రం కదులుతూ ఉండేది.

ఏడో రోజు తాంబూలం నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు. "ఇది చెంగమ్మ ఆకు కాదు!"

"చెంగమ్మ తోటదే ప్రభూ" అన్నాడు వీరన్న. వంటవాణ్ణి అడిగితే అదే అన్నాడు. మంత్రి కొరికి చూసి, "అదే ఆకు. నోటికి రుచి తెలియడం లేదేమో" అన్నాడు.

పావుకోళ్ళ సంగతి సరే, భోజనం సంగతీ సరే. కాని నాలుక? నలభై ఏళ్ళుగా ఆ ఆకు రుచి తెలిసిన నాలుక. రాజు ఆ ఆకు మళ్ళీ నోట్లో పెట్టుకుని, చేదుగా ఉన్నా నెమ్మదిగా నమిలి మింగేశాడు. ఆ తరవాత ఆయన దేన్నీ కాదనలేదు.

ఆ గదికి రోజూ వచ్చే మనిషి ఒక్కడే, ఓబళయ్య. వచ్చి మంచం పక్కన కింద కూర్చునేవాడు. గట్టిగా మాట్లాడేవాడు కాదు, విసుక్కునేవాడు కాదు. కాళ్ళు పట్టేవాడు. ఒకే సంగతి రాజు మూడుసార్లు అడిగినా మూడుసార్లూ కొత్తగా జవాబు చెప్పేవాడు. రాజు అతని అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చోవడం మొదలుపెట్టాడు.

తొమ్మిదో రోజు రాజు అతని ముఖం వంక చూసి ఉలిక్కిపడ్డాడు. చెవుల దాకా ఉండే మీసం లేదు. గొరిగిన చోట గింజంత గింజంత వెంట్రుకలు మొలుస్తున్నాయి.

"మీసం ఏమైందోయ్?"

"పందెం ఓడాను కదా ప్రభూ. కొలువు నిండా జనం ఉండగా గొరిగించారు. మీరే అందరికన్నా గట్టిగా నవ్వారు."

"పందెం... అయిపోయిందా?"

"నెల దాటింది. ఆ సిగ్గుతో మళ్ళీ పెంచనే లేదు. కొలువు వదిలి పొమ్మనాల్సింది, దయ తలచి ఉంచుకున్నారు."

పంచాంగం చదివేవాడు గుమ్మం దగ్గర నిలబడి తిథివారాలు చదివాడు. మాసం మారిపోయింది. రాజు గుడ్లప్పగించి విన్నాడు. ఒక నెల ఏమైపోయింది? ఆ నెలంతా తను ఎక్కడున్నాడు? తన బదులు ఎవరు తిన్నారు, ఎవరు నవ్వారు, ఎవరు ముద్రలు వేశారు?

"మరి ఆ ముసలమ్మ? తోట?" అన్నాడు చిన్న గొంతుతో.

"ధార అయిపోయింది ప్రభూ. మీ ఎదుటే."

రాజు రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు. ఓబళయ్యే నెమ్మదిగా అన్నాడు. "ప్రభూ, నిన్న ఏ తాటాకు మీద ముద్ర వేశారో గుర్తుందా?"

"లేదు."

"అదే నా భయం. ఎవరైనా ఏ ఆకో ముందు పెడతారు. ముద్ర నా దగ్గరుంటే భద్రం. ఎప్పుడు కావాలంటే అప్పుడు మీదే."

ఇది విని రాజుకి కోపం రావాలి కదా? రాలేదు. పెద్ద బరువు దింపినట్టయింది. ఓబళయ్య చెయ్యి గట్టిగా పట్టుకుని, "రేపే" అన్నాడు.

మరునాడు వీరన్న ఒక పక్క, ఓబళయ్య ఒక పక్క పట్టుకుని రాజుని కొలువుకి తెచ్చారు. కొలువు కిక్కిరిసి ఉంది. రాజు వేలి నుంచి రాజముద్ర తీసి పళ్ళెంలో పెట్టారు. ఆయన చేతికి చెంబు అందించారు. ఓబళయ్య ఎదురుగా నిలబడి అరచెయ్యి చాచాడు.

"ఇష్టంగానే ఇస్తున్నారా ప్రభూ?" అని అడిగాడు మంత్రి.

రాజు మంత్రి వైపు చూడలేదు. ఓబళయ్య వైపు తల తిప్పాడు. ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాకేం లోటు లేదు. ఓబళయ్యే నాకు దిక్కు."

చెంబు వంగింది. నీళ్ళు అంచు దాకా వచ్చాయి. ఆ గొంతు తన చెవిన పడ్డాక రాజు బిగుసుకుపోయాడు. ఎత్తూ పల్లమూ లేని గొంతు. నడుమ ఆ కాస్త ఆగడం. ఈ మాట ఇదివరకు ఈ కొలువులోనే విన్నాడు. ఎవరి నోట?

ధార పడే వేళకి ఓబళయ్య చెయ్యి తీసేశాడు. నీళ్ళు నేల మీద పడ్డాయి.

"ఇవాళ దశమి ప్రభూ. పాడ్యమి నుంచి పదో రోజు. నెలా గడవలేదు, ఏమీ గడవలేదు. పందెం నేను గెలిచాను. ముద్ర మాత్రం నాకొద్దు."

రాజు కొలువంతా కలయజూశాడు. రాణి ముఖం కొంగులో దాచుకుంది. వీరన్న నేల చూపులు చూస్తున్నాడు. రాజుగారు మొట్టమొదట అడిగిన మాట ఏమిటో తెలుసా? మీరైతే కత్తి తెమ్మన్నాడనుకుంటారు.

"నా నాలుక?" అన్నాడు.

"నిక్షేపంలా ఉంది ప్రభూ. ఆ ఆకు చెంగమ్మ తోటది కాదు."

రాజు సింహాసనం మెట్ల మీద కూలబడి, అందరి ముందూ ఏడ్చేశాడు. తరవాత కోపం వచ్చింది. "మీకందరికీ ఎంత ధైర్యం! ఎవడి ఆజ్ఞ మీద..."

లేఖకుడు మూరెడు తాటాకు విప్పి నడుమ భాగం చదివాడు. దశమి దాకా అంతఃపురంలో అందరూ ఓబళయ్య చెప్పినట్టు నడుచుకోవాలి. రాణిగారికైనా మినహాయింపు లేదు. వైద్యుడు జీలకర్ర కషాయం తప్ప ఇంకేమీ ఇవ్వకూడదు. పందెం ముగిశాక ఎవరినీ శిక్షించకూడదు.

"దీనికి నేను ముద్ర వేశానా?"

"వేశారు ప్రభూ. అదంతా నడుమ ఉంది" అన్నాడు ఓబళయ్య.

"నువ్వు కూడానా దేవీ? ఆ కన్నీళ్ళు?"

"అవి నిజమైనవే" అంది రాణి. "రెండు రోజుల్లోనే మీరు అంతలా డీలా పడతారనుకోలేదు. భయమేసి ఏడ్చాను. మిమ్మల్ని పస్తుంచడానికి మాత్రం నేనొప్పుకోలేదు. సాయంకాలాలు ఫలహారం పేరుతో కడుపు నిండా పెట్టించింది అందుకే."

తోట పుచ్చుకుందామని భద్రయ్య పట్టు పంచె కట్టుకుని వచ్చి ఉన్నాడు. దాసీలు చెంగమ్మని నడిపించుకొచ్చారు. పది రోజులుగా మనిషి తేటపడి, తోవ పొడుగునా దాసీలతో తీగల కబుర్లు చెబుతూ వచ్చింది. భద్రయ్య దగ్గడం వినపడగానే ఆమె భుజాలు ముడుచుకుపోయాయి.

"ప్రభూ, మతి లేని మనిషిని అడిగి ఏం లాభం?" అన్నాడు భద్రయ్య.

"వారం రోజులుగా నాకూ మతి లేదనే అన్నారు" అన్నాడు రాజు. "ఇతన్ని బయటికి తీసుకెళ్ళండి. గొంతు కూడా వినపడనంత దూరం."

రాజు లేచి వచ్చి చెంగమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు. "అమ్మా, తోట ఇవ్వడం నీకు ఇష్టమేనా?"

"నాకేం లోటు లేదు..." అని మొదలుపెట్టింది చెంగమ్మ. అక్కడ ఆగింది. రాజు ఆ ఖాళీలో తన మాట పెట్టలేదు. మంత్రి ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. రెప్పపాటులో అర్జీలు తీర్చే రాజు అక్కడ అలా ఎంతసేపు కూర్చున్నాడో! ఎండ కొలువు గుమ్మం దాటి లోపలికొచ్చింది. అంతసేపు. చివరికి తన తాంబూలపు పళ్ళెంలోంచి తమలపాకు ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

చెంగమ్మ బొటనవేలితో ఆకు నిమిరింది. మొహం చిట్లించింది.

"ఇది మా తోటది కాదు. తడి ఎక్కువ పెట్టారు. ఎవరు తింటున్నారయ్యా ఇది?"

"నేనే తింటున్నానమ్మా."

"అయ్యో నాయనా! పడమటి వరస కోతకొచ్చింది. రేపు పంపిస్తాలే." మళ్ళీ కాసేపు ఆగింది. గొంతు తగ్గించింది. "నా పెట్టె తాళంచెవి ఆ బాబు మొలలో ఉంది. అడిగితే, నువ్వే ఇచ్చావు, నీకు గుర్తులేదు అంటాడు. ఇచ్చానేమో మరి. నాకు గుర్తుండదు. అయ్యా, గుర్తులేకపోతే ఇచ్చినట్టేనా?"

కొలువులో చాలామంది తలలు దించుకున్నారు. రాజు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"కాదమ్మా. కాదు."

తాళంచెవి భద్రయ్య మొలలోనే దొరికింది. దాని పక్కన ఇంకో అయిదు ఉన్నాయి. శాలువా, బిరుదు ఊడాయి. పుచ్చుకున్న నేలలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగిపోయాయి. ఆయన చెరసాలకి పోయాడు. రాజు అప్పటికప్పుడే భద్రయ్య ఇంటి వెనక పంచకి నడిచి వెళ్ళాడు. అయిదుగురూ గోడకి ఆనుకునే ఉన్నారు. ఆరో చాప రాజే తన చేత్తో చుట్టేశాడు.

నలుగురు నెల తిరిగేసరికి మనుషుల్లో పడ్డారు. అయిదో ఆయన సూరప్ప, ఒకప్పుడు కోటలో దీపాలు వెలిగించినవాడు. ఆయనకి ఇల్లు తిరిగొచ్చింది, మంచం వేశారు, వేళకి అన్నం పెట్టారు. రాజు చూడటానికి వెళ్ళి, "ఎలా ఉన్నావు సూరప్పా?" అని అడిగాడు. సూరప్ప నెమ్మదిగా తల ఆయన వైపు తిప్పాడు.

"నాకేం లోటు లేదు. రాజుగారే నాకు దిక్కు."

అది విని రాజు కోటకి రాగానే లేఖకుణ్ణి పిలిపించాడు. మరునాటి నుంచి కుంభగిరిలో కొత్త కట్టడి వచ్చింది. ధార పోసేవాళ్ళు మూడు రోజుల ముందు నుంచి పుచ్చుకునేవాళ్ళకి దూరంగా ఉండాలి. వాళ్ళని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. జవాబు వచ్చేదాకా అడిగినవాడు నోరు మూసుకుని ఉండాలి. తాటాకు నడుమ భాగం రెండుసార్లు చదవాలి.

ఆ అడిగే అధికారం ఓబళయ్యకి అప్పగించి, రాజు కొలువులో వెండి తాంబూలపు పెట్టె బహుమానంగా ఇచ్చాడు. అప్పటికి మీసం సగం పెరిగింది.

"ప్రభూ, పందెం గెలిచి కూడా మీసం పోగొట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. దానికేమైనా..." అంటూ ఓబళయ్య అలవాటుగా అరచెయ్యి ముందుకి చాచాడు.

రాజు అదిరిపడి వెనక్కి జరిగాడు. "ఒరేయ్ వీరన్నా! ముందు ఆ చెంబు ఇక్కణ్ణించి తీసెయ్యి!"

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు కూడా కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, మెడలో హారం తీసి ఓబళయ్య మెడలో తనే వేశాడు.

నవ్వాడు గాని, ఆ తరవాత బతికినన్నాళ్ళూ పొద్దున్నే మంచం దిగే ముందు పావుకోళ్ళ వంక ఒకసారి చూసుకునేవాడు. చూసుకుని వెళ్ళి కూర్చుంటే, తోట నుంచి వచ్చిన తొలి ఆకు తెచ్చేవాళ్ళు. రాజు అది నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలేవాడు.

"ఇది చెంగమ్మ ఆకే" అనేవాడు చివరికి. అవునా కాదా అని మాత్రం ఎవరినీ అడిగేవాడు కాదు.